మెత్తటి షుగర్ కుకీ బార్స్, పైన బటర్ ఫ్రాస్టింగ్: ఇంట్లో ఎలా చేయాలి

షుగర్ కుకీలంటే ఇష్టమే గానీ, పిండిని ఫ్రిజ్‌లో పెట్టి, పలుచగా ఒత్తి, అచ్చులతో కోసి, మిగిలిన తునకల్ని మళ్లీ ముద్ద చేసి ఒత్తి, చివర్లో ఒక్కోదానికి విడివిడిగా ఐసింగ్ పూసే ఓపిక అందరికీ ఉండదు. ఆ ఓపిక లేనివాళ్ల కోసమే ఈ బార్స్. దాదాపు అదే పిండిని ఒకే టిన్‌లో పరిచి, ఒకేసారి బేక్ చేసి, పైన ఒకటే పొరగా ఫ్రాస్టింగ్ పూసి ముక్కలు కోసుకోవడమే. పిండి మందంగా ఉంటుంది కాబట్టి లోపల తేమ నిలుస్తుంది. పలుచటి కుకీ కరకరలాడుతుంది, ఇది మాత్రం పంటి కింద మెత్తగా విరుగుతుంది.

చేయడం తేలిక. చెడగొట్టుకోవడమూ తేలికే, ఎందుకంటే ఇందులో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ అతి వల్ల వచ్చేవే. బటర్‌ని అతిగా గిలక్కొడితే కేకులా పొంగి నడిమధ్యన కుంగుతుంది. మైదా వేశాక అతిగా కలిపితే సాగుతూ గట్టిపడుతుంది. ఓవెన్‌లో నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంచితే మర్నాటికి ఎండు బిస్కెట్ అవుతుంది. అందుకే ఎప్పుడు చేయి ఆపాలో తెలుసుకోవడమే ఈ వంటలో అసలు పని. ఆ చోట్ల నేను కాస్త వివరంగా చెబుతాను, మిగతావి గబగబా దాటేస్తాను.

కావలసినవి

ఈ కొలతలు 8 అంగుళాల (20 సెంటీమీటర్ల) చదరపు టిన్‌కి. నాలుగు వరసలు అడ్డంగా, నాలుగు నిలువుగా కోస్తే 16 ముక్కలు వస్తాయి.

బార్ కోసం:
- ఉప్పు లేని బటర్ 115 గ్రాములు
- సన్నటి పంచదార 150 గ్రాములు
- గుడ్డు 1, దాంతోపాటు మరో గుడ్డు పచ్చసొన
- వెనిలా ఎసెన్స్ ఒకటిన్నర టీస్పూన్లు
- మైదా 190 గ్రాములు
- కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్‌స్పూన్
- బేకింగ్ పౌడర్ అర టీస్పూన్
- ఉప్పు పావు టీస్పూన్

ఫ్రాస్టింగ్ కోసం:
- ఉప్పు లేని బటర్ 85 గ్రాములు
- ఐసింగ్ షుగర్ 180 గ్రాములు
- పాలు లేదా క్రీమ్ 1 నుంచి ఒకటిన్నర టేబుల్‌స్పూన్లు
- వెనిలా ఎసెన్స్ అర టీస్పూన్
- చిటికెడు ఉప్పు
- ఇష్టమైతే ఒక చుక్క జెల్ ఫుడ్ కలర్, పైన చల్లడానికి స్ప్రింకిల్స్

పెద్ద టిన్, అంటే 9 అంగుళాల వెడల్పు 13 అంగుళాల పొడవు ఉన్నది వాడితే అన్నీ రెండింతలు చేసుకోండి. విస్తీర్ణం లెక్కన అది చిన్న టిన్‌కి రెండింతల కన్నా కాస్త తక్కువే. అందుకని బార్ కొంచెం మందంగా వస్తుంది, ఓవెన్‌లో రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

గ్రాముల్లో ఎందుకు చెప్పానంటే, మైదాని కప్పుతో కొలవడాన్ని అసలు నమ్మలేం. కప్పుని నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగి 150 గ్రాములైనా పడుతుంది. స్పూన్‌తో వదులుగా వేసి పైన కత్తితో గీస్తే 125 గ్రాములే వస్తుంది. ఈ రెసిపీకి ఒకటిన్నర కప్పుల మైదా పడుతుంది కాబట్టి, ముంచి తీసే పద్ధతిలో 35 గ్రాములకు పైగా అదనంగా చేరుతుంది. బార్స్ పొడిపొడిగా వచ్చాయంటే నేను మొదట అనుమానించేది దీన్నే, ఓవెన్‌ని ఆ తర్వాతే. వంటింటి త్రాసు లేకపోతే స్పూన్‌తో వదులుగా వేసే పద్ధతే పాటించండి.

పంచదార తగ్గించవచ్చా అని అందరూ అడుగుతారు. బార్‌లో తగ్గించకండి. పంచదార ఇక్కడ తీపి కోసం మాత్రమే లేదు. అది నీటిని పట్టి ఉంచుతుంది, మైదాలో గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ బలంగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది. బార్ రెండో రోజు కూడా మెత్తగా ఉండటానికి కారణం చాలావరకు అదే. బాగా తగ్గిస్తే తీపి తగ్గిన కుకీ రాదు, తియ్యటి రొట్టె ముక్కలాంటిది వస్తుంది. తీపి ఎక్కువనిపిస్తే ఫ్రాస్టింగ్ పలుచగా పూయండి, ఉప్పు మాత్రం మానకండి. చిటికెడు ఉప్పు తీపిని ఎంత అదుపులో పెడుతుందో, అది వేయడం మర్చిపోయిన రోజున తెలుస్తుంది.

ఉప్పు ఉన్న బటరే ఉంటే దాన్నే వాడండి, విడిగా ఉప్పు వేయకండి. బటర్ బదులు మార్జరిన్ వద్దు. ఇందులో బటర్, వెనిలా తప్ప వేరే రుచులు లేవు, వాటిలో ఒకటి తీసేస్తే ఇక తినడానికేముంది? కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, వేళ్ల మధ్య నలిపితే కిరకిరమనే స్టార్చ్. పసుపు రంగు మొక్కజొన్న పిండి కాదు. ఆ ఒక్క స్పూన్ స్టార్చ్ మైదాలోని ప్రొటీన్ శాతం తగ్గించి బార్‌ని ఇంకాస్త గుల్లగా చేస్తుంది. బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పుడు తెరిచారో గుర్తులేకపోతే అర స్పూన్ వేడినీళ్లలో వేసి చూడండి. వెంటనే బుసబుసా పొంగితే పనికొస్తుంది. దాని స్థానంలో వంటసోడా వేయకండి. సోడాతో పైభాగం త్వరగా ఎర్రబడుతుంది, మనకి లేత రంగు కావాలి.

బటర్, గుడ్లు, పాలు చేయడానికి గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి.

టిన్, ఓవెన్

ఓవెన్‌ని 175 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 155 నుంచి 160 చాలు. లైటు ఆరిపోయినంత మాత్రాన ఓవెన్ పూర్తిగా వేడెక్కినట్టు కాదు, గోడలు కూడా వేడెక్కడానికి ఇంకాస్త సమయం ఇవ్వండి. టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఓటీజీల్లో మీట చూపించే వేడికీ లోపలి వేడికీ పొంతన ఉండకపోవడం మామూలే. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే, ఇకమీద ఏ రెసిపీ చేసినా ఆ టెన్షన్ ఉండదు.

టిన్ లేత రంగు అల్యూమినియందైతే మేలు. నల్లటి టిన్ వేడిని ఎక్కువగా పీల్చుకుని అంచుల్ని మాడుస్తుంది. గాజు పాత్ర మెల్లగా వేడెక్కుతుంది, బయటికి తీశాక కూడా చాలాసేపు వేడిని వదలదు. ఈ రెంటిలో ఏది వాడినా వేడిని 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించండి.

టిన్ లోపల కొంచెం బటర్ రాసి, బటర్ పేపర్‌ని రెండు వైపులా అంచులు దాటి బయటికి వచ్చేలా పరవండి. చల్లారాక ఆ రెండు అంచులు పట్టుకుని మొత్తం పలకని ఒకేసారి పైకి లేపేయొచ్చు. మైనం పూసిన కాగితం మాత్రం ఓవెన్‌లో పెట్టకూడదు, ఆ మైనం కరుగుతుంది.

బటర్, పంచదార కలపడం

మొదట మైదా, కార్న్‌ఫ్లోర్, బేకింగ్ పౌడర్, ఉప్పు ఒక గిన్నెలోకి జల్లించి పక్కన పెట్టుకోండి.

బటర్ మెత్తగా ఉండాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి జిడ్డు అంటకూడదు, ముక్క ఆకారం చెదరకూడదు. దాదాపు 18 నుంచి 20 డిగ్రీల దగ్గర బటర్ ఇలా ఉంటుంది. ఎండాకాలంలో వంటగది అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది కాబట్టి గంట అక్కర్లేదు, పావుగంటలోనే తయారవుతుంది, కన్నేసి ఉంచండి. మర్చిపోయి బటర్ ఫ్రిజ్‌లోనే ఉండిపోతే చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పరవండి, త్వరగా మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒక మూల కరిగిపోయి మరో మూల రాయిలా ఉంటుంది, అందుకే నేను ఆ జోలికి వెళ్లను.

పెద్ద గిన్నెలో బటర్, పంచదార వేసి బీటర్‌తో మధ్యస్థ వేగంలో కలపండి. పంచదార పలుకులు బటర్‌లో రాసుకుంటూ తిరుగుతుంటే లెక్కలేనన్ని చిన్న చిన్న గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. ఓవెన్‌లో బేకింగ్ పౌడర్ విడుదల చేసే వాయువు ఈ బుడగల్లోకే చేరి వాటిని పెద్దవి చేస్తుంది. కేకు కోసం అయితే ఇలా ఐదారు నిమిషాలు గిలక్కొడతాం. ఇక్కడ రెండు నిమిషాలు చాలు. రంగు ఒక ఛాయ పాలిపోయి, గిన్నె అంచులకి మెత్తగా అంటుకుంటుంటే ఆపేయండి. తెల్లగా నురగలా అయ్యేదాకా కొట్టకండి. అంత గాలి పట్టిన పిండి ఓవెన్‌లో గబుక్కున లేస్తుంది, దాన్ని నిలబెట్టే బలం లోపల లేక బయటికి రాగానే మధ్యలో కూలబడుతుంది.

బీటర్ లేకపోతే చెక్క గరిటెతో నాలుగైదు నిమిషాలు కలపండి. చేయి నొప్పి పుడుతుంది గానీ ఈ బార్‌కి అది సరిపోతుంది. చేత్తో అతిగా గిలక్కొట్టడం ఎలాగూ కష్టం కాబట్టి ఒక రకంగా అదీ మంచిదే.

ఇప్పుడు గుడ్డు, పచ్చసొన, వెనిలా వేసి, కలిసేవరకు మాత్రమే కలపండి, అర నిమిషం పడుతుంది. అదనంగా వేసిన పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, నీటినీ కొవ్వునీ కలిపి ఉంచే లెసిథిన్ ఉంటుంది, మెత్తదనం దాని చలవే. దాని బదులు ఇంకో తెల్లసొన వేస్తే బార్ ఎండుతుంది. గుడ్డు చల్లగా ఉండి మిశ్రమం విరిగినట్టు పలుకులు పలుకులుగా కనిపిస్తే కంగారు పడకండి, మైదా వేయగానే సర్దుకుంటుంది.

బేకరీలో కొన్న కుకీల వాసన రావాలంటే వెనిలాతోపాటు పావు టీస్పూన్ బాదం ఎసెన్స్ వేయండి. అంతకు మించి వేయకండి, దగ్గు మందు వాసన వస్తుంది.

మైదా వేశాక

బీటర్ పక్కన పెట్టేయండి. జల్లించిన పిండి మొత్తం ఒకేసారి వేసి స్పాచ్యులాతో అడుగునుంచి పైకి మడుస్తూ కలపండి. మైదాకి తడి తగిలి, దాన్ని కదుపుతున్నకొద్దీ గ్లూటెన్ పెనవేసుకుంటుంది. బ్రెడ్‌కి కావాల్సింది అదే, మనకి వద్దనేదీ అదే. ఎక్కడా పొడి చారలు కనిపించకపోతే అయిపోయినట్టే. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే నున్నగా వస్తుంది కదా అనిపిస్తుంది, ఆ ఆశ వదులుకోండి. ఒకటి రెండు చిన్న పొడి మచ్చలున్నా టిన్‌లో పరిచేటప్పుడు కలిసిపోతాయి.

పిండి పిల్లలు ఆడుకునే ప్లే డోలా ఉండాలి, కాకపోతే కాస్త జిగటగా. పొడిపొడిగా రాలుతుంటే మైదా ఎక్కువైందన్నమాట, ఒకటి రెండు టీస్పూన్ల పాలు చిలకరించండి. గరిటెనుంచి ధారలా జారుతుంటే బటర్ కరిగిపోయిందని అర్థం. మరింత మైదా పోయకండి, గిన్నెని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

పచ్చి పిండిని రుచి చూడకండి, పిల్లలకి గిన్నె నాకనివ్వకండి. గుడ్డు సంగతి అందరికీ తెలుసు, మైదా కూడా పచ్చిదేనన్నది చాలామందికి తట్టదు. దాన్ని వేడి చేసి క్రిములు చంపి అమ్మరు, అందులోనూ ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటివి ఉండొచ్చు.

టిన్‌లో పరచడం

పిండిని ఒకే ముద్దగా మధ్యలో పడేసి పక్కలకి లాగితే అంచులు పలుచగా, నడుమ గుట్టగా వస్తుంది. అలా కాకుండా చిన్న చిన్న ముద్దలుగా టిన్ అంతటా పెట్టి, పైన ఇంకో బటర్ పేపర్ వేసి అరచేత్తో అదుముతూ కలపండి. మూలలు ముఖ్యం. మూలల్లో పలుచబడితే ముందుగా ఎండిపోయేది అక్కడే. మందం సుమారు ఒక సెంటీమీటర్ ఉండాలి. అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో పేపర్ మీద నుంచే నొక్కితే పైభాగం సమంగా వస్తుంది, తర్వాత ఫ్రాస్టింగ్ పూయడమూ హాయిగా ఉంటుంది.

బేక్ చేయడం

టిన్‌ని ఓవెన్ మధ్య అరలో పెట్టండి. 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది, 16వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి.

ఈ రెసిపీ అంతా ఒక ఎత్తు, టిన్ బయటికి తీసే ఈ క్షణం ఒక ఎత్తు. కేకులు చేసే అలవాటున్నవాళ్లే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు. టూత్‌పిక్ గుచ్చితే శుభ్రంగా రావాలి, పైన బంగారు రంగు రావాలి, వేలితో నొక్కితే తిరిగి పైకి లేవాలి అని కేకు లక్షణాలన్నీ వెతుకుతారు. ఈ బార్‌లో అవన్నీ కనిపించాయంటే ఆలస్యమైపోయినట్టే.

మనం చూడాల్సినవి వేరు. ముందు పైభాగం మెరుపు చూడండి. పచ్చిగా ఉన్నంతసేపూ నడుమ తడిగా నిగనిగలాడుతుంది. ఉడికేకొద్దీ ఆ మెరుపు అంచులనుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. నడిమధ్యన కూడా మెరుపు పోయి పొడిగా, పాలిపోయి కనిపించగానే తీయొచ్చు. అంచుల దగ్గర మాత్రం టిన్‌ని ఆనుకుని సన్నటి గీతలా లేత గోధుమ రంగు మొదలై ఉంటుంది. పైభాగం మొత్తం ఇంకా లేత రంగులోనే ఉండాలి. టిన్‌ని కొంచెం కదిపితే నడుమ అలలా ఊగకూడదు, ఊగితే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. టూత్‌పిక్‌ని మధ్యలో గుచ్చి తీస్తే రెండు మూడు తడిగా ఉన్న చిన్న తునకలు అంటుకుని రావాలి. పచ్చి పిండి పూసుకుని వస్తే మాత్రం ఇంకా కాలేదు.

ఇంత మెత్తగా ఉంటే ఉడికినట్టేనా అన్న అనుమానం రావడం సహజం. ఓవెన్‌లోంచి తీసినంత మాత్రాన ఉడకడం ఆగిపోదు. వేడి టిన్, వేడి అంచులు ఇంకో పది నిమిషాలు నడిమికి వేడిని పంపుతూనే ఉంటాయి. వేడి మీద కరిగిన బటర్ చల్లారాక గట్టిపడుతుంది, స్టార్చ్ కూడా కుదురుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడే సరిగ్గా గట్టిగా ఉందనిపించిన బార్, చల్లారాక అంతకన్నా గట్టిగానే ఉంటుంది.

కొత్త ఓవెన్‌లో మొదటిసారి చేస్తున్నవాళ్లు సమయం రాసి పెట్టుకోండి. రెండోసారికి ఆ అంకె ఈ రెసిపీలోని అంకె కన్నా ఎక్కువ పనికొస్తుంది.

చల్లార్చడం

టిన్‌ని జాలీ స్టాండ్ మీద పెట్టి టిన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వండి. గంట నుంచి గంటన్నర పడుతుంది. పైన ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది గానీ వేడి అడుగున దాగి ఉంటుంది, కాబట్టి టిన్ అడుగున చేయి పెట్టి చూడండి. బటర్ 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గోరువెచ్చటి బార్ మీద ఫ్రాస్టింగ్ పూస్తే అది జారి నూనె పొరలా మారడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. తొందరగా ఉంటే అరగంట బయట పెట్టాక ఫ్రిజ్‌లోకి మార్చండి.

ఫ్రాస్టింగ్

ముందు బటర్ ఒక్కదాన్నే మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టండి. బార్‌లో వద్దన్న గాలి ఇక్కడ కావాలి. పసుపు రంగు తగ్గి తెల్లబడి, పరిమాణం పెరిగినట్టు కనిపించేదాకా కొడితే ఫ్రాస్టింగ్ తేలిగ్గా ఉంటుంది, నోట్లో జిడ్డుగా తగలదు.

ఐసింగ్ షుగర్ తప్పకుండా జల్లించండి. ఉండలుంటే ఎంత గిలక్కొట్టినా అవి పోవు, తర్వాత కత్తికి అడ్డం పడి పైపొరని గీరుతాయి. సగం వేసి అతి తక్కువ వేగంలో కలిపి, అది కలిశాక మిగతా సగం వేయండి. మొదటే వేగం పెంచితే వంటగదంతా తెల్లటి పొగ. గిన్నె మీద తడిగుడ్డ కప్పితే కొంత నయం.

ఐసింగ్ షుగర్ దొరక్కపోతే మామూలు పంచదారని మిక్సీలో మెత్తగా పొడి చేసి, 180 గ్రాములకి ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించండి. కొన్న పొడిలోనూ ఉండ కట్టకుండా స్టార్చ్ కలుపుతారు. ఇంట్లో చేసిన పొడి ఎంత మెత్తగా అనిపించినా నాలుకకి కొంచెం పలుకు తగులుతుంది, అది తప్పదు.

వెనిలా, ఉప్పు వేసి, పాలు ఒక్కో టీస్పూన్ చొప్పున పోస్తూ కలపండి. పాలు చల్లగా ఉంటే బటర్ గడ్డకట్టి మిశ్రమం విరిగినట్టవుతుంది. కత్తితో తీస్తే నిలబడాలి, పూస్తే సులువుగా పరుచుకోవాలి, అంతవరకే పాలు. చివర్లో వేగం పెంచి ఇంకో నిమిషం.

ఫ్రాస్టింగ్ వేడికి జారిపోతుంటే ఐసింగ్ షుగర్ పోస్తూ పోకండి, తీపి భరించలేం. గిన్నెని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలక్కొట్టండి. మరీ గట్టిగా, ముక్కలు ముక్కలుగా ఉంటే గిన్నె అడుగుని గోరువెచ్చటి నీళ్లలో కొన్ని సెకన్లు ఆనించి కలపండి.

రంగు వేయాలనుకుంటే జెల్ వాడండి. నీళ్లలాంటి రంగు ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఫ్రాస్టింగ్ పలుచబడుతుంది. టూత్‌పిక్ కొసతో తీసి మొదలుపెట్టండి. కాసేపు ఉంచితే రంగు ఇంకా ముదురుతుంది, కాబట్టి కావాల్సిన దానికన్నా ఒక ఛాయ తక్కువ దగ్గరే ఆగండి. బటర్ పసుపు కనుక నీలం వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది, ఊదా మసకబారుతుంది. గులాబీ, పసుపు, లేత నారింజ రంగులకి ఈ బెడద లేదు. అచ్చంగా తెల్లగా కావాలంటే సూది మొన మోపినంత ఊదా రంగు కలపండి, పసుపుదనాన్ని అది అణిచేస్తుంది.

పలకని పేపర్ అంచులు పట్టి బయటికి తీసి, ఫ్రాస్టింగ్ మొత్తం మధ్యలో వేసి పక్కలకి నెట్టుతూ పూయండి. కత్తిని బార్ మీద నుంచి పైకి లేపితే కింది పొడి రేగి ఫ్రాస్టింగ్‌లో కలుస్తుంది. లేపకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. నున్నగా రావాలని పదేపదే గీయడం కన్నా స్పూన్ వెనక వైపుతో సుడులు తిప్పేస్తే చూడ్డానికీ బాగుంటుంది, లోపాలూ కనిపించవు.

స్ప్రింకిల్స్ వెంటనే చల్లండి. పది నిమిషాలు ఆగితే పైన పలుచటి పొర కడుతుంది, అప్పుడు చల్లినవన్నీ రాలిపోతాయి. గుండ్రటి ఆవగింజల్లాంటి వాటి రంగు ఫ్రాస్టింగ్‌లోకి కారుతుంది. మర్నాడు వడ్డించేటట్టయితే పొడుగు పుల్లల్లాంటివి నయం.

కోయడం

పూసిన పలకని అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పొడవాటి పదునైన కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, రంపంలా లాగకుండా నిలువుగా ఒక్క దెబ్బన కిందికి నొక్కండి. ప్రతిసారీ తుడిచి మళ్లీ ముంచండి, విసుగనిపించినా సరే. ముందు సగానికి, ఆ సగాల్ని మళ్లీ సగానికి కోస్తే ముక్కలు సమానంగా వస్తాయి. చుట్టూ ఉన్న అంచుల్ని అర సెంటీమీటర్ కోసేస్తే పొందికగా ఉంటాయి. కోసేసిన ఆ అంచులు వంటచేసిన వాళ్ల వాటా.

గుడ్డు లేకుండా

గుడ్డు, పచ్చసొన రెండింటి బదులు నీరు తీసేసిన గట్టి పెరుగు 60 గ్రాములు బాగా గిలక్కొట్టి వేయండి. మైదాలో బేకింగ్ పౌడర్‌తోపాటు ఒక చిటికెడు వంటసోడా కలపండి. పెరుగులో పులుపు ఉంది కాబట్టి ఇక్కడ సోడాకి పని ఉంటుంది. గుడ్డు కట్టిపడేసే పట్టు ఉండదు గనక ఈ బార్ తొందరగా విరుగుతుంది. కోసే ముందు అరగంట బదులు గంట ఫ్రిజ్‌లో పెట్టండి. రుచి కొంచెం కేకు వైపు మొగ్గుతుంది, అయినా మెత్తదనానికి లోటుండదు.

నిల్వ

గాలి చొరని డబ్బాలో, పొరల మధ్య బటర్ పేపర్ వేసి పెడితే చల్లటి గదిలో రెండు మూడు రోజులు బాగుంటాయి. నా మటుకు నాకు రెండో రోజువే ఇష్టం, ఫ్రాస్టింగ్ తేమ కిందికి దిగి బార్, ఫ్రాస్టింగ్ ఒకటైపోతాయి. ఎండలు ముదిరితే ఫ్రిజ్ తప్పదు. ఫ్రిజ్‌లోంచి తీయగానే తింటే బటర్ గట్టిపడి ఉండటం వల్ల బార్ ఎండిపోయిందనిపిస్తుంది. అరగంట బయట ఉంచాక తినండి.

ముందుగా చేసి పెట్టుకోవాలంటే ఫ్రాస్టింగ్ వేయని పలకని పూర్తిగా చల్లార్చి, ప్లాస్టిక్ ర్యాప్‌లో రెండు చుట్లు చుట్టి, పైన ఫాయిల్ వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, రెండు నెలలు ఉంటుంది. వాడే రోజున బయటికి తీశాక చుట్టు విప్పకుండానే గది వేడికి రానివ్వండి. ముందే విప్పితే గాలిలో తేమ చల్లటి బార్ మీద నీటి బొట్లుగా పట్టి పైభాగం బంకబంకగా అవుతుంది. చుట్టి ఉంచితే ఆ నీళ్లు ప్లాస్టిక్ మీదే ఆగుతాయి, తుడిచేసి విప్పి ఫ్రాస్టింగ్ పూసుకోవచ్చు.